సెలైన్ బాటిలా, ఓ.ఆర్.ఎస్. పొట్లమా?
పరిశోధనలన్నీ కలిపి చదివితే తేలిన నిజం



ఎండలు ముదిరినా, వానలకు తాగునీటిలో మురికి కలిసినా మన నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. బిడ్డను చంకనెత్తుకొని ఆసుపత్రికి వచ్చిన అవ్వ నోట తరచుగా వచ్చే మాట ఒకటే: “సార్, బిడ్డ వాడిపోయింది. ఒక బాటిల్ ఎక్కించండి.” డాక్టరు గారు పరీక్షించి, “బాటిల్ అవసరం లేదమ్మా, ఈ పొట్లం నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాపండి” అంటే ఆమె ముఖం చిన్నబోతుంది. ఆటోకు డబ్బులు పెట్టి ఇంత దూరం వస్తే ఉప్పు నీళ్లిచ్చి పంపుతున్నారే అనుకుంటుంది.

ఆ మాట డాక్టరు గారు తమ సొంత ఆలోచనతో చెప్పినది కాదు. దాని వెనుక ఎన్నో దేశాల్లో జరిగిన పరిశోధనలున్నాయి. వాటన్నిటినీ ఓపికగా ఒకచోట చేర్చి చదివినవారున్నారు.

పొట్లం కథ

1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయాన లక్షల మంది కాందిశీకులు పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా వ్యాపించింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు నీళ్లలో కలిపి నోటి ద్వారా తాగించారు. అంతకు ముందు నూటికి 30 మంది చనిపోతుంటే, ఆ సంఖ్య నాలుగు లోపుకు పడిపోయింది.

తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ ఈ పొట్లాన్ని ప్రపంచమంతటా పంచాయి. లీటరు నీటికి ఉప్పు 3.5 గ్రాములు, గ్లూకోజు 20 గ్రాములు ఉండేవి. ప్రాణాలు నిలిచాయి గాని విరేచనాలు మాత్రం తగ్గేవి కావు. “తాపినా ఆగలేదు” అని తల్లులు పొట్లాన్ని పక్కన పెట్టేవారు. ఉప్పు, గ్లూకోజు తగ్గిస్తే మేలేమో అని కొందరు వైద్యులు పలు దేశాల్లో పరీక్షించి చూశారు. ఒక్కొక్కటి చిన్న పరిశోధన. ఒకచోట మేలు కనిపిస్తే మరొకచోట తేడా కనిపించలేదు. మరి దేనిని నమ్మాలి?

అన్నిటినీ ఒకచోట చేర్చి

ఒక కయ్యలో వడ్లు బాగా పండినంత మాత్రాన కె.సి. కాలువ కింద పంటంతా బాగుందని ఏ రైతూ చెప్పడు. వైద్యంలోనూ అంతే. బ్రిటన్‌కు చెందిన డాక్టర్ ఆర్చీ కాక్రేన్ 1970లలో ఈ మాటే గట్టిగా చెప్పారు. ఆయన పేరున 1993లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక సంస్థ ఏర్పడింది.

వీరి పద్ధతి ఇది. ముందు ప్రశ్నను స్పష్టంగా వ్రాసుకుంటారు. ఆ ప్రశ్న మీద జరిగిన పరిశోధనలన్నిటినీ వెదుకుతారు. మేలు కనిపించినవే ఏరుకోరు, కనిపించనివాటినీ తీసుకుంటారు. రోగులను చీటీ వేసినట్టు రెండు గుంపులుగా విడదీసి నిజాయితీగా చేశారా లేదా చూస్తారు. ఆ తరువాతే లెక్కలు కలుపుతారు.

2001లో హాన్, కిమ్, గార్నర్ అనే ముగ్గురు ఓ.ఆర్.ఎస్. విషయంలో ఈ పని చేశారు. తొమ్మిది పరిశోధనల లెక్కలు కలిపి చూస్తే, ఉప్పు, గ్లూకోజు తగ్గించిన ద్రావణం తాగిన పిల్లల్లో సెలైన్ ఎక్కించవలసిన అవసరం సుమారు మూడో వంతు తగ్గింది. వాంతులు, విరేచనాలు కూడా తగ్గాయి. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ పొట్లాన్ని మార్చాయి. ఇప్పుడు లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు. నేడు మీ చేతికి అందేది ఆ పొట్లమే.

ఆలస్యానికి వెల

పాత పరిశోధనలను కలిపి చదవకపోతే ఏమవుతుంది? పాశ్చాత్య దేశాల్లో ఎన్నో ఏళ్లు పసిబిడ్డలను బోర్లా పడుకోబెట్టమని పేరున్న వైద్యులే సలహా ఇచ్చారు. నిద్రలోనే శిశువులు చనిపోయేవారు. 2005లో పాత పరిశోధనలన్నీ కలిపి చూడగా, బోర్లా పడుకోబెట్టడం ప్రమాదమని 1970 నాటికే తెలుసుకోగలిగేవారమని తేలింది. అప్పుడే చదివి ఉంటే బ్రిటన్‌లో 10,000 మందికి పైగా, ఇతర పాశ్చాత్య దేశాల్లో కనీసం 50,000 మంది శిశువులు బ్రతికేవారని అంచనా వేశారు. పసిబిడ్డను ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టండి.

ఇంకా తేలవలసినవి

ఇలాంటి సమీక్ష తెలిసినదాన్నే కాదు, తెలియనిదాన్నీ చెబుతుంది. విరేచనాలకు జింకు మాత్రలు ఆరు నెలలు దాటిన పిల్లలకు మేలు చేస్తాయని, అంతకంటె చిన్నవారిలో ఆ మేలు కనిపించలేదని సమీక్షలు చూపాయి. 20 మిల్లీగ్రాముల మోతాదుకు కొందరు పిల్లలు వాంతి చేసుకునేవారు. అందుకే ఢిల్లీలోను, టాంజానియాలోను 4,500 మంది పిల్లలతో కొత్త పరిశోధన చేశారు. 5, 10 మిల్లీగ్రాములు కూడా అంతే పని చేస్తాయని, వాంతులు తక్కువని 2020లో ప్రకటించారు. కాబట్టి డాక్టరు గారు నిరుటి మోతాదు మార్చితే కంగారు పడకండి.

మనలో చాలామంది వైద్యం కోసం వెళ్లే వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలోనే 2005 నుండి కాక్రేన్ సంస్థ దక్షిణాసియా కేంద్రం పనిచేస్తూ వచ్చింది. ఇటువంటి సమీక్షలు చేయడం మన దేశపు వైద్యులకు అక్కడ నేర్పారు.

ఇంట్లో మీరు చేయవలసినవి

• పొట్లం మీద వ్రాసిన కొలతంత నీటిలోనే పొడి మొత్తం కలపండి. లీటరు పొట్లాన్ని గ్లాసుల లెక్కన విడదీయవద్దు. కాచి చల్లార్చిన నీరు మంచిది.
• ప్రతి విరేచనం తరువాత రెండేళ్ల లోపు బిడ్డకు 50 నుండి 100 మిల్లీలీటర్లు, ఆ పైవారికి 100 నుండి 200 మిల్లీలీటర్లు తాపండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, స్పూనుతో మెల్లగా మళ్లీ మొదలుపెట్టండి.
• తల్లిపాలు, అన్నం ఆపవద్దు.
• కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయండి.
• తీపి డబ్బా పానీయాలు ఓ.ఆర్.ఎస్. కావు. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ల తరబడి పోరాడారు. సరైన కొలతలు లేని పానీయాలపై ఆ పేరు వాడరాదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఆదేశించింది.
• బిడ్డ మత్తుగా ఉన్నా, తాగలేకపోయినా, కళ్లు లోతుకు పోయినా, మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. సెలైన్ నిజంగా అవసరమైనది ఇటువంటి బిడ్డలకే.

అపొస్తలుల కార్యములలో బెరయ సంఘస్థులను మనం చదువుతాము. పౌలు చెప్పినంత మాత్రాన వారు ఊరుకోలేదు. అది నిజమో కాదో ప్రతిదినము లేఖనాలలో వెదికి చూశారు. వారిని ఎవరూ అవిశ్వాసులనలేదు. మీరు కూడా డాక్టరు గారిని, “ఇది ఎందుకు సార్?” అని అడగండి. చెప్పడం మా బాధ్యత.

దేవుడు మీ ఇంటి చిన్నబిడ్డలను కాపాడును గాక.