పిల్లల తగవు – పెద్దల బాధ్యత

మగ్రిబ్ నమాజు తరువాత మా మక్తబ్‌కు వచ్చే పిల్లల్లో అధికులు పగటిపూట ఉన్నత పాఠశాలల్లో ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు చదివేవారే. కంచన్‌బాగ్, హాఫిజ్ బాబానగర్, చాంద్రాయణగుట్ట గల్లీల నుండి వస్తారు. ఒడిలో దివ్య ఖుర్ఆన్ తెరచి ఉంటుంది గాని, కొందరి మనసులో పగలు బడిలో జరిగిన తగవు ఇంకా రగులుతూనే ఉంటుంది.

కొన్నేళ్ల క్రితం తొమ్మిదవ తరగతి చదివే ఇద్దరు బాలురు మా ఎదుటే కలబడ్డారు. కారణమేమిటని అడిగితే “ఏమీ లేదు హజ్రత్” అన్నారు. మేము ఇద్దరినీ అందరి ముందు నిలబెట్టి మందలించాము, ముసాఫహా చేయించాము, సబఖ్ చదవమని కూర్చోబెట్టాము. తగవు తీరిందనుకున్నాము. మూడవ నాటికి అది వీధిలోకి పాకింది. ఒకరి అన్న, మరొకరి మేనమామ కూడా అందులోకి దిగారు.

అప్పుడు గాని మేము ఆ బాలురను విడివిడిగా పిలిచి, తొందరపెట్టకుండా వినలేదు. ఒక బాలుని తల్లి ఇళ్లలో పనిచేసి బిడ్డలను చదివిస్తోంది. రెండవవాడు ఆ పనిని ఎత్తిపొడుస్తూ ఒక మారుపేరు పెట్టాడు. అది తరగతి పిల్లల వాట్సాప్ గ్రూపులో చేరింది. తరగతి అంతా నవ్వింది. అంతటి అవమానం ఒక్క ముసాఫహాతో మాసిపోతుందని మేమెలా అనుకున్నాము? పొరపాటు పిల్లలదే కాదు, మాది కూడా.

దివ్య ఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా (49: 9–12) ఈ విషయంలో ఎంత స్పష్టమైన మార్గం చూపుతుందో గమనించండి. విశ్వాసుల నడుమ తగవు వస్తే సంధి చేయమని, ఆ సంధి న్యాయంగా ఉండాలని ఆజ్ఞ. ఆ వెంటనే తగవును పుట్టించే మూలాలపై నిషేధం: ఎగతాళి, ఎత్తిపొడుపు, చెడ్డ మారుపేర్లు, దురనుమానం, రహస్యాల ఆరా, చాడీ. నేటి తరగతి గదిలో జరిగే కలహాల్లో ఈ ఆరింటిలో ఏదో ఒకటి లేనిది అరుదు. దెబ్బ చివర కనబడుతుంది, మాట ముందే తగిలి ఉంటుంది.

హజ్రత్ అబూజర్ (రజి) ఒకసారి ఒక వ్యక్తిని అతని తల్లి పేర కించపరిచారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అది తెలిసి, నీలో ఇంకా అజ్ఞానకాలపు గుణం మిగిలి ఉందని హెచ్చరించారు. బుఖారీ గ్రంథంలో ఉన్న సంఘటన ఇది. అంతటి సహచరుని నోట వచ్చిన మాటనే తేలికగా వదలలేదు. మనమేమో “పిల్లలు కదా, సరదాకు అన్నారు” అని దాటవేస్తాము.

దాటవేసిన తగవు ఎక్కడికి పోగలదో మన పాతబస్తీకి తెలియనిది కాదు. 2015 మే నెలలో కుర్రాళ్ల నడుమ జరిగిన వీధి పోరులో 17 ఏళ్ల యువకుడు ప్రాణాలు కోల్పోయాడు. చుట్టూ ఉన్నవారు ఆపవలసింది పోయి ఫోన్లలో చిత్రీకరించారు. మొదట ప్రమాదమని చెప్పినా, ఆ వీడియోయే నిజాన్ని బయటపెట్టింది. ఆ ఏడాదే పోలీసులు ‘ఆపరేషన్ చబుత్రా’ పేరిట, అర్ధరాత్రి దాకా చబుత్రాల మీద కాలం గడిపే కుర్రాళ్లను పట్టుకుని, తల్లిదండ్రులను పిలిపించి హితబోధ చేశారు. బిడ్డ ఎక్కడున్నాడో ఇంటివారు అడగనప్పుడు ఠాణా అడగవలసి వస్తుంది.

సోదరుడు పీడితుడైనా, పీడకుడైనా అతనికి సాయపడమని దైవప్రవక్త (స) బోధించారు. పీడకునికి సాయమేమిటని సహచరులు అడిగితే, అతని చేతిని ఆపడమేనని వివరించారు. తగవు చుట్టూ గుమిగూడే పిల్లలకు మనం మొదట నేర్పవలసిన హదీసు ఇదే.

అనుభవం మాకు నేర్పిన కొన్ని విషయాలు చెబుతాము. మొదట ఇద్దరినీ వేరుచేసి కోపం చల్లారనివ్వాలి. నిలబడి ఉంటే కూర్చోమన్నది ప్రవక్త (స) బోధ. తరువాత ఒక్కొక్కరినీ ఏకాంతంలో వినాలి. ఏం జరిగింది, ఎవరికి గాయమైంది, దానిని ఎలా సరిదిద్దుతావు అని అడగాలి. విచారణ ఏకాంతంలో జరగాలి గాని, క్షమాపణ అవమానం జరిగిన చోటే జరగాలి. ఆ బాలుడు అదే వాట్సాప్ గ్రూపులో క్షమాపణ రాశాకే రెండవవాని తల పైకి లేచింది.

బలవంతుడు బలహీనుని రోజూ వేధిస్తుంటే దానిని ఇద్దరి తగవుగా చూడరాదు. అక్కడ ‘మీరిద్దరూ సర్దుకోండి’ అనడం అన్యాయం. ముందు పీడితునికి రక్షణ కల్పించాలి. కత్తి కనబడినా, తీవ్ర గాయమైనా పరువు పేరిట దాచరాదు. ఆపదలో ఉన్న బిడ్డ కోసం 1098కు ఫోన్ చేయవచ్చు. తప్పు చేసినవాడు 18 ఏళ్లలోపు బాలుడైతే 2015 నాటి బాలల న్యాయ చట్టం అతని సంస్కరణకు కూడా దారి చూపుతుంది.

ఉపాధ్యాయుల బెత్తం దీనికి మందు కాదు. బడుల్లో శారీరక శిక్షను 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది. మక్తబ్‌లో బోధించే మాబోటివారికైతే హజ్రత్ అనస్ (రజి) సాక్ష్యం చాలు. పదేళ్ల సేవలో ప్రవక్త (స) నోట ఒక్క విసుగు మాట కూడా తాము వినలేదని ఆయన చెప్పారు.

తల్లులారా, తండ్రులారా! బిడ్డ చొక్కా చిరిగి ఇంటికి వస్తే “కొట్టావా, తిన్నావా?” అని అడగకండి. పదిమందిని వెంటబెట్టుకుని బడి మీదికి వెళ్లకండి. పక్కన కూర్చోబెట్టుకుని “బేటా, ఏం జరిగింది?” అని అడగండి. ఆ రాత్రి మీరు విన్న నాలుగు మాటలే రేపటి పెద్ద తగవును ఆపవచ్చు.

అల్లాహ్ మన బిడ్డల హృదయాలను కలుపుగాక! వారి మాట వినే ఓపికను మనకు ప్రసాదించుగాక! ఆమీన్.