దీర్ఘదృష్టి: కళ్ళజోడు పవరు, కాంటాక్ట్ లెన్సు పవరు

రామచంద్రపురమునుండి ఒక శ్రోత మాకిట్లు వ్రాసినారు: "మా అమ్మాయికి దీర్ఘదృష్టి. కళ్ళజోడు ప్లస్ 6. కాంటాక్ట్ లెన్సుకు డాక్టరుగారు ప్లస్ 6.50 వ్రాసినారు. చీటీలో పొరపాటు పడినదనుకొని పాత నంబరుతోనే తెప్పింపవచ్చునా?"

తెప్పింపరాదు. చీటీ సరిగనే యున్నది. కన్ను మారలేదు గాని, అద్దము నిలుచు చోటు మారినది.

దీర్ఘదృష్టి గల కంటిలో వెలుగు కిరణములు వెనుకనున్న తెరను చేరునప్పటికి ఇంకను ఒకచోట కలిసియుండవు. వానిని ముందుగనే కొంత దగ్గరకు చేర్చుటకు నడుమ లావుగా నుండు ప్లస్ అద్దము వాడుదురు. ప్లస్ 1 అద్దము దూరపు వెలుగును ఒక మీటరులో, అనగా 1000 మిల్లీమీటర్లలో, ఒకచోట కలుపును. ప్లస్ 6 అద్దము అందులో ఆరవ వంతున, సుమారు 167 మిల్లీమీటర్లలో, కలుపును. కళ్ళజోడు కంటికి ఇంచుమించు 12 మిల్లీమీటర్ల ఎడముగా నుండును. కావున కంటినుండి లెక్కించినచో ఆ చోటు 155 మిల్లీమీటర్ల దూరముననే యున్నది. కంటినంటియుండు లెన్సు కూడ అక్కడనే కలుపవలెను గదా. 1000ని 155తో భాగింపుడు: 6.45 వచ్చును. లెన్సులు పావు మెట్లలో దొరకును గనుక 6.50.

ఈ సంగతిని మన పెద్దలు లెక్కలతో పనిలేకయే గ్రహించిరి. 1949లో లండనులో హెరాల్డ్ రిడ్లీ కంటిలోనే కృత్రిమ కటకము నమర్చినాడు. ఆ పద్ధతి మన పల్లెలదాక వచ్చులోపల, శుక్లము తీయించుకొన్నవారికి ప్లస్ 10 ప్రాంతపు సోడాబుడ్డి అద్దములే గతి. పత్రిక చదువుటకు ఆ జోడును ముక్కు కొసకు జార్చుకొనిన తాతగారిని ఎరుగనివారుండరు. ఎడము పెరిగినకొలది ప్లస్ అద్దము బలము హెచ్చును. కంటికి దగ్గరైనకొలది తగ్గును. ఆ తగ్గుదలను పూడ్చుటకే అమ్మాయి చీటీలోని అదనపు అర.

ప్లస్ 2 వంటి చిన్న పవరులకు తేడా లెక్కకు రాదు. 4 వద్ద ఇంచుమించు పావు. 10 వద్ద ఒకటింబావు దాటును. హ్రస్వదృష్టివారికి ఇది తలక్రిందులు: లెన్సు పవరు కళ్ళజోడుకంటె తక్కువ.

పవరు ఒక్కటే చాలదు. లెన్సు వంపును, వెడల్పును కంటిని కొలిచియే నిర్ణయింతురు. అవి కళ్ళజోడు చీటీలో నుండవు.

పాత నంబరు లెన్సు పెట్టినను అమ్మాయికి తొలుత స్పష్టముగనే కన్పట్టవచ్చును. చిన్నవయసు కన్ను ఆ కొరతను తన కండరముతో పూరించుకొనును. సాయంకాలమునకు ఆ శ్రమ తలనొప్పియై బయటపడవచ్చును. ఇంటివారు దానిని చదువు తప్పించుకొను సాకనుకొందురు.