పచ్చపట్టు ఏ రంగు?

ఒకప్పుడు ఒక భక్తురాలు స్వామివారికి వస్త్రం సమర్పించదలచి నన్ను సలహా అడిగారు. "పచ్చపట్టు తీసుకురండి, తల్లీ" అన్నాను. నా మనసులో ఉన్నది పీతాంబరం. ఆమె ఎంతో శ్రమపడి తెచ్చినది ఆకుపచ్చని పట్టు. "ఇది కాదమ్మా" అనగానే ఆమె కన్నులు చెమర్చాయి.

దోషం ఆమెది కాదు, నాది. తెలుగులో 'పచ్చ' రెండు వర్ణాలకూ చెల్లుతుంది. పచ్చగడ్డిలో అది ఆకురంగు, పచ్చకామెర్లలో పసుపురంగు. సందేహనివృత్తికే ఆకుపచ్చ, పసుపుపచ్చ అని విడదీసి చెప్పుకొంటాము. సంస్కృతంలో ఈ రెంటికీ హరితం, పీతం అని వేర్వేరు పదాలున్నాయి. అయినను అమరకోశం కృష్ణ, నీల, శ్యామ శబ్దాలను పర్యాయపదాలుగా ఒకేచోట చేర్చింది. కనుక నల్లనయ్యను నీలమేఘశ్యాముడనడంలో విరోధం లేదు.

అన్యభాషలలోనూ ఇట్టి భేదాలున్నాయి. రష్యన్ భాషలో లేతనీలానికి 'గలుబోయ్', ముదురునీలానికి 'సీనియ్' అని రెండు పేర్లు. జపనీయులు వాహనాలను సాగనిచ్చే ఆకుపచ్చ దీపాన్ని, నీలాన్ని తెలిపే 'అఓ' శబ్దంతోనే వ్యవహరిస్తారు. వర్ణాల నడుమ హద్దులు ఒక్కొక్క భాషలో ఒక్కొక్క తీరు.

ఆ పట్టును అమ్మవారికి సమర్పింపజేసి, ఆ తల్లిని క్షమాపణ కోరాను. భక్తులారా! వస్త్రసమర్పణకు 'పచ్చ' అని ఎవరైనా చెప్పినచో, ఏ పచ్చయో అడిగి తెలుసుకొన్న తరువాతనే కొనండి.