గురక పెట్టేవారికి గురక వినబడదు

తార్నాక నుండి ఉస్మానియా క్యాంపస్ లోనికి తెల్లవారుజామున నడకకు వెళ్ళేవారు చాలామంది. వారిలో ఒక జంట మా ఓ.పి.కి వచ్చారు. మూడు రకాల మాత్రలు వాడుతున్నా భర్తకు బి.పి. తగ్గడం లేదు. "రోజూ నడుస్తున్నాను, ఉప్పు తగ్గించాను, ఇంకేం చేయాలి డాక్టరుగారూ?" అన్నారాయన. రాత్రి నిద్ర ఎలా పడుతుందని అడిగాము. "బ్రహ్మాండంగా" అన్నారు. ఆమె మాత్రం తల వంచుకున్నారు. ఎనిమిది నెలలుగా ఆమె హాల్లో పడుకుంటున్నారట. చుట్టాలకు తెలిస్తే మొగుడూ పెళ్ళాలకు పడడం లేదనుకుంటారని ఎవరికీ చెప్పలేదు.

నిద్రలో గొంతు కండరాలు వదులై దారి ఇరుకవుతుంది. ఆ ఇరుకులోంచి వెళ్ళే గాలికి కొండనాలుక, దాని చుట్టూ ఉన్న మెత్తని భాగం అదురుతాయి. ఆ చప్పుడే గురక. జలుబు చేసినప్పుడు, వెల్లకిలా పడుకున్నప్పుడు వచ్చే గురకకు కంగారు పడనక్కరలేదు. మేము భయపడేది గురక మధ్యలో వచ్చే నిశ్శబ్దానికి. దారి మూసుకుపోయి పది సెకన్లో, అంతకన్నా ఎక్కువో ఊపిరి ఆగుతుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, మనిషి ఒక్కసారి గట్టిగా గాలి పీల్చి మళ్ళీ గురక మొదలుపెడతాడు. ఇదే స్లీప్ ఆప్నియా. గంటకు 5 సార్లు దాటితే జబ్బు, 30 దాటితే తీవ్రం. అలా జరిగిన ప్రతిసారీ బి.పి. పైకి లేస్తుంది.

ఇదంతా పడుకున్నవారికి తెలియదు. "నేనా? గురకా?" అని కోపగించుకుంటారు. హాస్టలు గదిలోనైతే నవ్వులాట, ఇంట్లోనైతే గొడవ. (బైబిలు ప్రాచీన గ్రీకు అనువాదంలో యోనా ఓడలో గురక పెట్టి నిద్రపోయాడని ఉంది. ఆయనను లేపడానికి ఓడ నాయకుడు రావలసి వచ్చింది!) ఆడవారికీ, ముఖ్యంగా ముట్లు ఆగిన తరువాత, ఈ జబ్బు వస్తుంది. సిగ్గుతో చెప్పరు.

ఆమె మాతో అన్నది వేరే. ఆయన ఊపిరి ఆగినప్పుడల్లా లేచి ఛాతీ మీద చెయ్యి వేసి చూసేవారట. హాల్లోకి మారాక ఆ భయం ఇంకా ఎక్కువైందట.

తార్నాకలో ఆర్టీసీ ఉద్యోగుల ఆసుపత్రి ఉంది కనుక డ్రైవర్ల కుటుంబాలు ఈ మాట గమనించాలి: ఈ జబ్బు ఉన్నవారికి పగలు స్టీరింగు ముందే కునుకు పడుతుంది.

బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, మద్యం మానడం, డాక్టరు చెప్పని నిద్రమాత్రలు వేసుకోకపోవడం మేలు చేస్తాయి. పిల్లలు రోజూ గురక పెడితే టాన్సిల్స్ చూపించండి. జబ్బు తీవ్రంగా ఉంటే సీపాప్ మిషను వాడాలి. ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సల్లివన్, ఆయన సహచరులు 1981లో ప్రకటించిన పద్ధతి ఇది. ముక్కుకు పెట్టిన మాస్కు గుండా గాలి ఒత్తిడితో వెళ్ళి గొంతు మూసుకుపోకుండా ఆపుతుంది.

మా దగ్గరకు వచ్చేటప్పుడు పక్కన పడుకునేవారిని వెంట తీసుకురండి. సెల్‌ఫోనులో రెండు నిమిషాల గురక రికార్డు చేసి తెచ్చినా మంచిదే.

ఆయన మొదటి వారం మాస్కు రెండుసార్లు పీకి పారేశారు. ఇప్పుడు అలవాటైంది. బి.పి. కొంత దారికి వచ్చింది, మాత్రలు మాత్రం మానలేదు. ఆమె మళ్ళీ గదిలోకి వచ్చారు. మిషను చప్పుడు ఫ్యాను చప్పుడులో కలిసిపోతోందట.