తొలకరితో లేచు ముంగిటి పూలు

మృగశిర కార్తెలో నేల బాగుగా తడిసిన కొలది దినములకు కొన్ని యిండ్ల ముంగిళ్లలో నొక వింత కానవచ్చును. నిన్నటివరకు ఉల్లికాడలను బోలిన నాలుగాకులు తప్ప మఱేమియు లేని చోట, జానెడు కాడలపై గులాబివన్నె పూవులు గుంపుగా లేచి నిలుచును. నర్సరీలవారు దీనిని రెయిన్ లిల్లీ యని యమ్ముదురు. వానలిల్లి యని మనము పిలుచుకొందము.

దుక్కులు, విత్తనములు, సంఘమునకు కట్టవలసిన వాయిదాలు, ఇన్నిటి నడుమ పూలముచ్చట యేల యని సభ్యులు కొందఱు నవ్వవచ్చును. మల్లెకు నీరు పోయవలెను. గులాబికి కత్తిరింపులు, మందులు కావలెను. అందులకు రైతుకు తీరిక లేదనుట నిజమే. వానలిల్లి యట్టిది కాదు. రోహిణి యెండలో బావులడుగంటి పశువులకే నీరు చాలనప్పుడు ఇది మనల నేమియు నడుగదు. ఇంటివారు దానిని మఱచియున్న కాలమే దానికి మేలు.

కారణము దాని గడ్డలో నున్నది. వానకాలమున ఆకులు వండిన యాహారము, ఉల్లిపాయవలె పొరలుగా నున్న ఆ గడ్డలో నిలువచేరును. ఎండలు ముదిరి ఆకులు వాడినను గడ్డ చావదు. కొంతకాలము నేల యెండి, పిమ్మట ఒక్కసారిగా లోతుగా తడిసినచో మొగ్గ వెలుపలికి వచ్చును. కావున దినదినము చెంబెడు నీరు పోసి పెంచుటకంటె దానిని వానకు విడిచిపెట్టుటయే మంచిది. ఒక్కొక్క పూవు రెండు మూడు దినములకు మించి నిలువదు. అయినను నేల ఆరి, మరల వాన పడినచో మఱియొక విడత పూయును. ఒక్క వానకాలములోనే ఇట్లు పలుమారులు జరుగుట కలదు.

ఇది మన దేశపు మొక్క కాదు. గులాబివన్నెది మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతములది. తెల్లనిది దక్షిణ అమెరికాలో లాప్లాటా నదీప్రాంతమునది. విలియం హెర్బర్టు అను ఆంగ్లేయుడు 1821లో ఈ జాతికి జెఫిరాంథస్ అని పేరుపెట్టెను. పడమటిగాలి పూవు అని దాని యర్థము. మనకును తొలకరి నైరుతిగాలితోనే వచ్చును గనుక ఆ పేరు మన ముంగిటికి అంత పరాయిది కాదు.

గడ్డను అంగుళము, రెండంగుళముల లోతున, మొన పైకి వచ్చునట్లు, నడుమ మూడు నాలుగంగుళముల యెడముంచి నాటవలెను. చివికిన పశువులయెరువు పిడికెడు చాలును. ఎండ తగులవలెను, దట్టమైన చెట్టునీడలో ఆకులే మిగులును. పూసిన పిమ్మట పచ్చని యాకులను కోసివేయరాదు. మఱుసటి పూవులకు ఆహారము వండునవి యవియే. తెల్లపూవుల రకము తేమకు జంకదు గనుక జలదారి గట్టున, కాళ్లు కడుగుకొను బండ ప్రక్కన బాగుగా పెరుగును. గులాబివన్నె రకమునకు నీరు నిలువరాదు. నిలిచినచో గడ్డ క్రుళ్లును.

ఈ రోజులలో ఇల్లు కట్టగానే ముంగిలంతయు ప్రహరీగోడ మొదటివరకు సిమెంటు చేయుట ఆచారమగుచున్నది. బురద లేకుండుట మంచిదే. కాని గోడవెంట మూరెడు మట్టి విడిచినచో నష్టమేమి? వాననీరు కొంత భూమిలో నింకును. అరుగుపై గూర్చుండు ముసలివారికి, ఆడువారికి, పిల్లలకు ఏటికి నాలుగుమారులు కన్నులపండువగును. ఈ పూవు బజారున కెక్కదు. దండకు చేరులోపలనే వాడును. లాభము లేని పంట యందురేని, ఔను, లాభము లేదు. చూచి సంతోషించుటయే దాని ఫలము.

పూవులతో నాలుగు రూకలు కావలెననువారికి నేలసంపెంగ కలదు. అదియు మెక్సికోనుండి వచ్చినదే. బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనసంస్థ శృంగార్, ప్రజ్వల్ అను రకములను వెలువరించినది. అది నీరు, ఎరువు, బజారు చూచుకొని చేయవలసిన సాగు. ఇంటికైనచో కిటికీ క్రింద నొక వరుస చాలును. రాత్రి గాలికి ఇల్లంతయు పరిమళించును. ఆఫ్రికానుండి వచ్చిన మే పూవు మఱియొకటి. చలికాలమంతయు గడ్డ నిద్రించి, వేసవి జల్లులకు ఎఱ్ఱని బంతివంటి గుత్తి నెత్తును.

పటములలో తులిప్ పూవులను చూచి గడ్డలు తెప్పించువారును కలరు. మంచు కరగిన వసంతమున చలిదేశములలో పూయు అట్టి గడ్డలకు కొన్ని వారముల గట్టిచలి కావలెను. మన మైదానములలో ఆ చలి లేదు. చల్లని పెట్టెలో నుంచి నాటిన గడ్డ ఒకమారు పూసిన పూయును, ఏటేట మాత్రము పూయదు. ఆ సొమ్ము మిగుల్చుకొనుట మేలు.

ఇక తప్పక తెలిసికొనవలసిన సంగతి. వానలిల్లి గడ్డ చిన్న యుల్లిపాయను బోలియుండును గాని తినరాదు. అందలి లైకోరిన్ అను విషపదార్థముచే వాంతులు, విరేచనములు కలుగును. మే పూవు గడ్డయు విషమే. కంచెలపై ప్రాకు నాభి దుంప వీనికంటె మిక్కిలి యపాయకరము. అందలి కొల్చిసిన్ ప్రాణము తీయగలదు. కావున ఉల్లి, వెల్లుల్లి మడుల దగ్గఱ ఈ గడ్డలను నాటరాదు. త్రవ్విన గడ్డలను వంటింటి గంపలో పెట్టరాదు. నలిపి చూచినచో వానలిల్లికి ఉల్లిఘాటు ఉండదు. ఈ గుర్తును ఇంటివారందఱకు తెలుపవలెను. మేకలు, దూడలు అందుకొను చోటును విడువవలెను. ఎవరైన తిన్నచో ఇంటివైద్యముతో కాలము గడపక 108కు ఫోను చేసి, ఆ మొక్కను గూడ వెంట తీసికొని ఆసుపత్రికి చేరవలెను.

మూడు నాలుగేండ్లకు గుంపు క్రిక్కిఱిసి పూవులు తగ్గును. అప్పుడు వానలకు ముందు త్రవ్వి విడదీసినచో ఒక గడ్డ నాటిన చోట గుప్పెడు గడ్డలు దొరకును. ఇరుగుపొరుగులకు పంచుటకు సంఘతీర్మానము గాని వాటాధనము గాని అక్కరలేదు. మూటగట్టి యిచ్చునపుడు మాత్రము ఇవి తినునవి కావని నోటితో చెప్పి ఇయ్యవలెను. చీటి వ్రాసి కట్టుట మఱింత మేలు.