లాప్‌టాప్ మొరాయించిందా? ‘ఫార్మాట్’కి తలూపకండి!

పొయ్యి మీద పప్పుచారు మరుగుతూ ఉంటుంది. గదిలోంచి “అమ్మా, అంతా పోయింది!” అని అబ్బాయి కేక. చేతులు కొంగుకి తుడుచుకుంటూ వెళ్లి చూస్తే ఏముంది? లాప్‌టాప్ తెర నల్లగా ఉంది. దాని మీద రెండు వరుసల ఇంగ్లీషు. నాలుగు క్షణాలు కనిపించి, లాప్‌టాప్ తనంతట తానే ఆరిపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ అదే వరస. తెల్లారేసరికి పంపాల్సిన కాలేజీ ప్రాజెక్టు అందులోనే ఉంది. ఆ మాటకొస్తే మీ చీటీల లెక్కలు, అమ్మాయి సీమంతం ఫోటోలూ అందులోనే!

ఇలాంటప్పుడు చాలా ఇళ్లల్లో జరిగేది ఒకటే. లాప్‌టాప్‌ని సంచీలో పెట్టుకుని వీధి చివర రిపేరు షాపుకి పరుగు. అక్కడి కుర్రాడు ఒకసారి నొక్కి చూసి, “సిస్టం పోయిందండీ, ఫార్మాట్ కొట్టాలి” అంటాడు. మనం కంగారులో సరేనంటాం. సాయంత్రానికి లాప్‌టాప్ కొత్తదానిలా మెరుస్తూ ఇంటికొస్తుంది. లోపల మాత్రం ఒక్క ఫోటో ఉండదు.

ఒక్క నిమిషం ఆగండి. వీధి తలుపు తాళం పట్టేసిందని ఇంట్లో సామానంతా పారబోసుకుంటామా? అప్‌డేట్ తర్వాత ఇలా మొరాయించే లాప్‌టాప్‌లలో చాలావాటికి వచ్చిన తెగులు తాళం దగ్గరే. సామాను ఎక్కడిది అక్కడే భద్రంగా ఉంటుంది.

ఒకే ఇంట్లో రెండు వాటాలు

ఇంజనీరింగ్ చదివే పిల్లల లాప్‌టాప్‌లలో తరచుగా రెండు ఆపరేటింగ్ సిస్టంలు ఉంటాయి. మనందరికీ తెలిసిన విండోస్ ఒకటి. ప్రోగ్రామింగ్ కోసం వేసుకునే లినక్స్ రెండోది. లినక్స్‌లో ఉబుంటు, మింట్, డెబియన్ అని రకాలున్నాయి. ఇలా రెండూ ఉండడాన్నే ‘డ్యూయల్ బూట్’ అంటారు.

ఒకే ఇంట్లో రెండు వాటాలనుకోండి. ఎవరి గదులు వారివి, ఎవరి సామాను వారిది. వీధి గుమ్మం మాత్రం ఒక్కటే. బటన్ నొక్కగానే ఆ గుమ్మం దగ్గర ‘గ్రబ్’ అనే చిన్న ప్రోగ్రాం లేచి, “ఏ వాటాలోకి వెళ్తారు?” అని ఒక జాబితా చూపిస్తుంది. మీరు ఎంచుకున్న వాటా తలుపు తెరుస్తుంది.

ఈమధ్య లాప్‌టాప్‌లలో గుమ్మం బయట వాచ్‌మన్ కూడా ఉంటాడు. అతని పేరు ‘సెక్యూర్ బూట్’. సరైన గుర్తింపు చీటీ ఉన్న ప్రోగ్రాంని తప్ప ఎవరినీ లోపలికి పోనివ్వడు. దొంగ ప్రోగ్రాంలు ముందే చొరబడకుండా ఈ ఏర్పాటు.

2024 ఆగస్టులో ఏం జరిగిందంటే...

గ్రబ్ పాత రకాల్లో ఒక లొసుగు ఉందని 2022లో బయటపడింది. ఆ లొసుగున్న పాత చీటీలు ఇక చెల్లవంటూ 2024 ఆగస్టు 13న వచ్చిన విండోస్ అప్‌డేట్ వాచ్‌మన్‌కి కొత్త జాబితా ఇచ్చింది. ఆ జాబితా పేరు ‘ఎస్‌బాట్’. రెండు వాటాలున్న కంప్యూటర్ల జోలికి ఇది పోదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. కానీ కొన్ని కంప్యూటర్లలో రెండో వాటా ఉన్న సంగతి అప్‌డేట్ పసిగట్టలేకపోయింది. ఇంకేముంది! ఉబుంటు, మింట్, డెబియన్ వాడేవాళ్లలో ఎంతోమంది తమ ఇంటి గుమ్మం ముందే నిలబడిపోయారు.

ఆ తర్వాతి నెల అప్‌డేట్‌లో ఈ జాబితాని పెట్టలేదు. చివరికి 2025 మే 13 నాటి అప్‌డేట్‌తో సమస్య తీరిందని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. మరి ఇప్పుడెందుకీ కథ అంటారా? అప్పుడు మొరాయించి బీరువా మీదకి చేరిన లాప్‌టాప్‌లు ఇంకా ఉండొచ్చు. పైగా అప్‌డేట్‌లు నెలనెలా వస్తూనే ఉంటాయి. గుమ్మం దగ్గర తెగులు ఎప్పుడొచ్చినా తెలుసుకోవలసిన విషయాలు ఇవే.

ముందు రోగం ఏమిటో చూడండి

తెర మీద అక్షరాలు కనిపించగానే ఫోన్‌తో ఫోటో తీయండి. వైద్యం దాన్ని బట్టే.

* ‘వెరిఫైయింగ్ షిమ్ ఎస్‌బాట్ డేటా ఫెయిల్డ్’, ఆ కింద ‘సమ్‌థింగ్ హాజ్ గాన్ సీరియస్లీ రాంగ్’ అని ఉంటే వాచ్‌మన్ అడ్డుకున్నాడని అర్థం. వినడానికి భయంగా ఉన్నా పోయిందేమీ లేదు.

* ఏ అక్షరాలూ లేకుండా, జాబితా కూడా చూపించకుండా నేరుగా విండోస్ వచ్చేస్తోందంటే వరుస మారిందన్నమాట. ఇది ఐదు నిమిషాల పని.

* ‘గ్రబ్ రెస్క్యూ’ అని ఉంటే గ్రబ్‌కి తన ఫైళ్లు దొరకడం లేదు. దీనికి ఉబుంటు వేసిన పెన్‌డ్రైవ్‌తో లాప్‌టాప్ తెరిచి గ్రబ్‌ని మళ్లీ కూర్చోబెట్టాలి. ఇది తెలిసినవాళ్ల చేత చేయించడమే మేలు.

అన్నిటికంటే ముందు సామాను భద్రం

వాచ్‌మన్ లినక్స్‌ని ఆపినా విండోస్‌ని ఆపడు. లాప్‌టాప్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ మీట టకటకా నొక్కండి. డెల్, లెనోవో అయితే సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9, ఆసుస్ అయితే ఎస్కేప్. వచ్చిన జాబితాలో ‘విండోస్ బూట్ మేనేజర్’ ఎంచుకుంటే విండోస్ తెరుచుకుంటుంది. ఫోటోలు, లెక్కలు, ప్రాజెక్టు అన్నీ వెంటనే పెన్‌డ్రైవ్‌లోకో బయటి హార్డ్‌డిస్క్‌లోకో ఎక్కించుకోండి.

ఇంకొక్క పని. ఇది మరిచిపోతే మాత్రం చిక్కే! చాలా విండోస్ లాప్‌టాప్‌లలో ‘బిట్‌లాకర్’ అనే తాళం మనకి తెలియకుండానే పడి ఉంటుంది. వాచ్‌మన్ జోలికి వెళ్తే అది ఉలిక్కిపడి, 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. కీ లేకపోతే విండోస్ వాటా తెరుచుకోదు. లాప్‌టాప్‌లో వాడుతున్న మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి చూస్తే సాధారణంగా ఈ కీ అక్కడ దొరుకుతుంది. కాగితం మీద రాసి పెట్టుకోండి. పాల లెక్కల పుస్తకంలో కాదు సుమా, నగలు దాచుకునే చోట! కీ చేతిలోకి రాకుండా తర్వాతి మెట్టు ఎక్కవద్దు.

ఇక చేయవలసిన పద్ధతి

1. లాప్‌టాప్ ఆపి, మళ్లీ ఆన్ చేస్తూనే బయాస్ మీట నొక్కండి. డెల్, ఏసర్, ఆసుస్‌లలో ఎక్కువగా ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10. సెక్యూరిటీ లేదా బూట్ అన్న పేజీలో ‘సెక్యూర్ బూట్’ ఉంటుంది. దాన్ని ‘డిసేబుల్డ్’ చేసి, సేవ్ చేసి బయటికి రండి. వాచ్‌మన్‌ని కాసేపు టీ తాగి రమ్మన్నామన్నమాట. మిగతా వేటినీ ముట్టుకోకండి.

2. ఇప్పుడు గ్రబ్ జాబితా కనిపిస్తుంది. ఉబుంటు ఎంచుకోండి. సగం బెంగ ఇక్కడే తీరిపోతుంది.

3. కంట్రోల్, ఆల్ట్, టీ మూడూ కలిపి నొక్కితే టెర్మినల్ అనే కిటికీ తెరుచుకుంటుంది. అందులో చిన్న ఇంగ్లీషు అక్షరాలతో ఈ వరుస కొట్టాలి: సుడో, ఖాళీ, మోకుటిల్, ఖాళీ, రెండు అడ్డగీతలు, వెంటనే సెట్, ఒక అడ్డగీత, ఎస్‌బాట్, ఒక అడ్డగీత, పాలసీ, ఖాళీ, డిలీట్. సుడో అంటే ఎస్-యు-డి-ఓ. మోకుటిల్ అంటే ఎమ్-ఓ-కె-యు-టి-ఐ-ఎల్. ఎస్‌బాట్ అంటే ఎస్-బి-ఎ-టి. ఎంటర్ నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతుంది. కొడుతున్నప్పుడు అక్షరాలేవీ కనిపించవు. మీటలు పాడయ్యాయనుకోకండి, దాని తీరే అంత.

4. లాప్‌టాప్ రీస్టార్ట్ చేసి మళ్లీ ఉబుంటులోకే వెళ్లండి. వాచ్‌మన్ చేతిలోని జాబితా అప్పుడు వెనక్కి పోతుంది. అక్కడ ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేటర్’ తెరిచి ఉబుంటుకి వచ్చిన అప్‌డేట్‌లన్నీ వేసేయండి. దాంతో గ్రబ్‌కి కొత్త గుర్తింపు చీటీ దొరుకుతుంది. విండోస్‌కి కూడా తాజా అప్‌డేట్‌లు వేయండి.

5. చివరగా బయాస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్‌ని మళ్లీ ‘ఎనేబుల్డ్’ చేయండి. పని అయిపోయింది కదా అని వాచ్‌మన్‌ని శాశ్వతంగా పంపించేయకండి.

వరుస మారిన లాప్‌టాప్‌కి ఇంత హడావిడి అక్కర్లేదు. బూట్ మెనూలో ‘ఉబుంటు’ ఎంచుకుని అది తెరుచుకుంటోందో లేదో చూడండి. తెరుచుకుంటే బయాస్‌లోని బూట్ ఆర్డర్‌లో ఉబుంటుని విండోస్ కంటే పైకి జరిపి సేవ్ చేయండి. అంతే!

షాపుకి వెళ్లక తప్పకపోతే

అందరికీ ఇంట్లో చేసుకునే ఓపిక, ధైర్యం ఉండకపోవచ్చు. తప్పేం లేదు. కానీ లాప్‌టాప్ చేతికిచ్చే ముందు ఈ నాలుగు మాటలు చెప్పండి.

* “ఇందులో రెండు సిస్టంలున్నాయి. నన్ను అడగకుండా ఫార్మాట్ చేయొద్దు.”

* “ముందు డేటా బయటికి తీసి నాకు చూపించండి.”

* “సెక్యూర్ బూట్ దగ్గర చిక్కేమో చూశారా? ఎస్‌బాట్ అని వచ్చింది, ఇదిగో ఫోటో.”

* “పని అయ్యాక సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేసి ఇవ్వండి.”

ఈ మాటలు వినగానే అవతలివారు కాస్త ఆచితూచి మాట్లాడతారు. కూరగాయల బేరంలాగే ఇక్కడా తెలిసి అడిగితేనే గౌరవం.

చిట్కాలు

* నెలకోసారి, కరెంటు బిల్లు కట్టే రోజున, ముఖ్యమైన ఫైళ్లని బయటి డిస్క్‌లోకి ఎక్కించే అలవాటు చేసుకోండి.

* పరీక్షల ముందు రోజు, ప్రాజెక్టు ఇచ్చే ముందు రోజు అప్‌డేట్‌లు వేయనివ్వకండి. విండోస్ సెట్టింగ్స్‌లో ‘పాజ్ అప్‌డేట్స్’ నొక్కితే కొన్నాళ్లు ఆగుతుంది. అసలు వేయకుండా వదిలేయడం మాత్రం మంచిది కాదు.

* 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకదానిలో కొత్త ఉబుంటు వేయించి పెట్టుకోండి. గుమ్మం పూర్తిగా మూసుకుపోయినప్పుడు పెరటి దోవలా పనికొస్తుంది.

* ఉబుంటు వాడాక విండోస్ తెరిస్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోయిందా? పాడవలేదు. ఉబుంటు లోపలి గడియారాన్ని ప్రపంచ సమయానికి పెడితే, విండోస్ దాన్నే మన సమయమనుకుంటుంది. విండోస్ టైమ్ సెట్టింగ్స్‌లో ‘సింక్ నౌ’ నొక్కితే సర్దుకుంటుంది.

పద్ధతిగా చేసుకుంటే ఇదంతా సాధారణంగా ఒక గంట పని. రికవరీ కీ వెతుక్కోవడానికే అందులో సగం పడుతుంది. అందుకే ఈ పేజీ చదవడం అవగానే, లాప్‌టాప్ బాగున్నప్పుడే, ఆ 48 అంకెలూ రాసి పెట్టేసుకోండి. ఆపద రోజున అబ్బాయి కేక వినిపిస్తే, ముందు పొయ్యి ఆపి, ఆ తర్వాతే గదిలోకి తీరిగ్గా వెళ్లొచ్చు.