ఒక రాత్రి ప్రయాణం – కొన్ని పాఠాలు

సికింద్రాబాదులో జరుగనున్న శిక్షణా తరగతులకు హాజరయ్యేందుకు మేము ఐదుగురు సహోద్యోగులము విశాఖపట్నంలో రాత్రి బండి ఎక్కితిమి. గంటన్నర ఆలస్యంగా బయలుదేరిన బండి, తుని దాటిన పిదప కుండపోత వర్షం కారణంగా మరి రెండు గంటలు నిలిచిపోయినది.

ఆలస్యం కంటె పెద్ద సమస్య మా పెట్టెలోనే ఉన్నది. మద్యం మత్తులో ఉన్న యువకుడొకడు, మోకాళ్ల నొప్పితో బాధపడుతున్న ఒక వృద్ధురాలి క్రింది బెర్తును ఆక్రమించి, లేవమన్నవారిని దుర్భాషలాడసాగెను. పిల్లలు భయపడి ఏడ్వసాగిరి. తుదకు సహనం నశించిన కొందరు అతనిని ఈడ్చుకొని తలుపు వద్దకు తీసుకొనిపోయిరి. అప్పుడే బండి కదిలినది. తలుపు తెరచియే ఉన్నది!

మాలో పెద్దవారు, భద్రతా విభాగంలో చిరకాలం పనిచేసినవారు, అడ్డుగా నిలిచి, "బాబూ, ముందు తలుపు వేయండి. వీడు జారిపడితే ఈ పాపం మనందరిదీ అవుతుంది" అన్నారు. ఆ మాటకు చేతులు సడలినవి. తలుపు మూసి, అతనిని కూర్చుండబెట్టి, 139కు ఫోను చేసి బండి నెంబరు, పెట్టె, బెర్తు వివరములు తెలిపితిమి. టి.టి.ఇ. గారు వచ్చిరి. సామర్లకోటలో రైల్వే రక్షక దళంవారు అతనిని దింపుకొనిపోయిరి.

అంతకు కొద్ది నిమిషాల ముందు అతని ఫోను మ్రోగినది. విజయవాడలో ఎదురుచూస్తున్న తల్లి! "అమ్మా, మీ అబ్బాయి క్షేమమే. సామర్లకోటలో దిగుతున్నాడు, కంగారుపడకండి" అని మా పెద్దవారు చెప్పగా, తలుపు వద్దకు ఈడ్చినవారిలో ఒకరు తల వంచుకొనిరి.

గోదావరిపై 1974 నాటి రోడ్డు-రైలు వంతెన దాటునప్పటికి తెల్లవారుచున్నది. వృద్ధురాలు తన బెర్తుపై హాయిగా నిద్రించుచుండెను.

రైలులో మత్తుగా ప్రవర్తించుట, ఇతరులకు ఇబ్బంది కలిగించుట 1989 నాటి రైల్వే చట్టం 145వ సెక్షను క్రింద నేరం. అట్టివారిని బండి నుండి దింపివేయు అధికారం రైల్వే సిబ్బందికి కలదు. తోటి ప్రయాణికులకు లేదు. కర్మాగారంలో ప్రమాదం కనిపించినపుడు మనం మొదట యంత్రమును ఆపి, పిదప సంబంధిత అధికారికి తెలియజేయుదుము. రైలు పెట్టెలో సైతం అదే పద్ధతి: ముందు తలుపు మూయవలెను, పిదప 139కు ఫోను చేయవలెను. కుటుంబములతో ప్రయాణించు మన ఉద్యోగులందరు ఈ సంఖ్యను ఇంటిల్లిపాదికీ నేర్పుదురు గాక!